నాలుగు వేళ్ళ సందు

మా ఇంట్లో వంతెనల ఎత్తులన్నీ నా దగ్గరే ఉండేవి. కాగితం మీద కాదు, బుర్రలో. ఏ వంతెన కింద ఏ బండి తగలకుండా పడుతుందో, ఏ మలుపులో ట్రెయిలర్ తోక గోడకు రాసుకుంటుందో, ఏ వీధిలో కరెంటు తీగలు మెడ దాకా వేలాడతాయో, ముప్పై ఏళ్ళుగా ముందు సీట్లో కూర్చుని చూసినదాన్ని కదా, నన్నడిగితే చాలు. మా ఆయనకు చేతుల్లో ఎంత బలమో తలలో అంత మరుపు. తాళంచెవి జేబులో పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి. ఆయన పక్కన దారి చెప్పేవాళ్ళెవరో ఒకరు ఉండాల్సి వచ్చి నేను బండెక్కాను. ఏడాది పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మరీ ఎక్కాను. ఆ పిల్లవాడే ఇప్పుడు స్టీరింగు పట్టుకున్నాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. సీటు మాత్రం నాదే.

మాది వాలే ట్రెయిలర్. మామూలు ట్రెయిలర్లకు వెనక ఇనప పలకలు దించి, వాటి మీదుగా యంత్రాన్ని ఎక్కిస్తారు. మాదానికి ఆ పలకల గొడవ లేదు. పిన్ను తీస్తే బల్ల మొత్తం వెనక్కి వాలి, తోక నేలకు ఆనుతుంది. యంత్రం నేల మీంచి నేరుగా బల్ల మీదికి పాకుతుంది. బరువు సగం దాటిందా, బల్ల తనంతట తనే ముందుకు తిరిగి మెల్లగా కూర్చుంటుంది. ఆ సగం చోటు దగ్గర ఆగడం తెలియాలి. ఆగకుండా ముందుకు తోశారంటే బల్ల దబ్బున పడి కింది ఇనుమంతా అదిరిపోతుంది. లోపల కూర్చున్నవాళ్ళకు ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడదు. ఆ చోటు నడుముతో తెలుసుకోవాలి.

అది మా కోడలికి తెలుసు. మా ఇంటికి రాకముందే రాళ్ళ క్వారీలో పొక్లెయిన్ నడిపింది. చెయ్యీ చురుకే, నోరూ చురుకే. మా అబ్బాయి దానికి పూర్తిగా వేరు. లారీ వాళ్ళందరూ వాణ్ణి 'నిదానం' అనే పిలుస్తారు. అసలు పేరు పెట్టి పిలిస్తే వాడే వెనక్కి తిరిగి చూడడు. "పెళ్ళి చేసుకుందామా అని అడగడానికి రెండేళ్ళు నోరు తెరుస్తూనే ఉన్నాడు అత్తయ్యా, ఈ జన్మకు తెరవడం అవదని నేనే అడిగేశాను" అంటుంది కోడలు. వాడు అప్పుడు కూడా నవ్వడానికి కాస్త టైము తీసుకుంటాడు.

ఆ రోజు పొద్దున ఏడింటికి ఫోను మోగింది. అబ్బాయి స్నానానికి వెళ్ళాడు, నేనెత్తాను. అవతల నీళ్ళ ఇంజనీరు. గొంతు బొంగురుపోయి ఉంది.

"అమ్మా, మా ఊళ్ళో పెద్ద పైపు పగిలి రెండు రోజులైంది. తవ్వుతున్న యంత్రం చెయ్యి నిన్న విరిగింది. ఊరు మొత్తానికి నీళ్ళు బంద్. ఆస్పత్రి ట్యాంకులో మిగిలింది ఇవాళ సాయంత్రం దాకానే. మీ పొక్లెయిన్ ఖాళీగా ఉందని చెప్పారు. చీకటి పడకముందు రాగలరా?"

"చీకటి దాకా ఎందుకు బాబూ, నాలుగింటికల్లా మీ పైపు దగ్గరుంటాం" అన్నాను.

తల తుడుచుకుంటూ వచ్చిన అబ్బాయికి చెబితే తువ్వాలు భుజం మీదే ఉండిపోయింది.

"నన్నడక్కుండా టైము కూడా చెప్పేశావా?"

"నిన్నడిగి ఉంటే నువ్వు సరే అనేటప్పటికే నాలుగయ్యేది."

కోడలు పకపకా నవ్వింది. వాడు నవ్వలేదు. వేలితో భోజనాల బల్ల మీద గీతలు గీస్తూ దారి ఆలోచిస్తున్నాడు. "దగ్గర దారి అంటే రైలు వంతెన కిందుగా పోవాలి. చుట్టు దారైతే అర్ధరాత్రవుతుంది. పొక్లెయిన్ వేసుకుని ఆ వంతెన కింద పడతామా?"

"పడతాం. నాలుగు వేళ్ళ సందుంటుంది. మూడేళ్ళ కిందట ఇదే పొక్లెయిన్, ఇదే ట్రెయిలర్. నువ్వే కప్పెక్కి చెయ్యి పెట్టి చూసి, నాలుగు వేళ్ళమ్మా అని అరిచావు. ఆకుపచ్చ చొక్కా వేసుకున్నావు. జేబు చిరిగి ఉంది."

చొక్కా రంగు చెప్పాక ఇంకెవరు అనుమానిస్తారు? వాడు మాత్రం బయల్దేరేటప్పుడు కొలకర్ర చేతిలోకి తీసుకుని, "పోయే ముందు ఒకసారి ఆపి కొలుద్దాంలే" అన్నాడు.

"దేనికిరా? వంతెన ఇనుమేమన్నా పెరుగుతుందా? దారిలో ఆగితే ఆలస్యం. నేనున్నానుగా."

వాడు కర్ర పక్కన పెట్టేశాడు. అమ్మ మాట మీద నమ్మకం కొద్దీ పెట్టేశాడు. ఇది నేను బతికున్నన్నాళ్ళూ నాకు గుర్తుంటుంది.

పన్నెండున్నరకు వంతెన కనపడింది. రోడ్డు అక్కడ కాస్త పల్లంలోకి దిగి, పట్టాల కిందుగా వెళ్ళి, అవతల మళ్ళీ పైకెక్కుతుంది. పక్కన బోర్డు మీద ఎత్తు అంకెలున్నాయి, ఎప్పటి అంకెలు అవే. మా వాడు వేగం తగ్గించి మెల్లగా దించుతున్నాడు. నేను కిటికీలోంచి ఎడమ పక్క చూస్తున్నాను. అక్కడ నడిచేవాళ్ళ కోసం ఎత్తుగా కట్టిన బాట ఉంటుంది. మూడేళ్ళ కిందట ఆ బాట అంచు రాయి మీద కూర్చునే భోజనం డబ్బాలు విప్పాం. కూర్చుంటే కాళ్ళు హాయిగా చాపుకునేంత ఎత్తుండేది. ఇప్పుడు ఆ రాయి కనపడలేదు. కళ్ళు నులుముకుని చూశాను. రాయి ఉంది, రోడ్డుకు కాస్త పైన అంచు మాత్రం కనపడుతోంది. దాని పక్కన రోడ్డు నల్లగా, కొత్తగా నిగనిగలాడుతోంది.

రెండు చేతులా కిటికీ తలుపు మీద చరిచాను.

"ఆపరా! ఆపు, ఆపు, ఆపు!"

నిదానం అన్నారు గానీ బ్రేకు మీద వాడి కాలు ఎప్పుడూ నిదానం కాదు. బండి గురగురమని నిలబడింది. పొక్లెయిన్ కప్పుకూ వంతెన దూలానికీ మధ్య మూరెడు దూరం.

వాడు దిగి, పైకెక్కి, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. దిగి వచ్చి నా కిటికీ కింద నిలబడ్డాడు.

"రెండు వేళ్ళు ఎక్కువుందమ్మా. తగులుతుంది."

వంతెన ఎక్కడిదక్కడే ఉంది. రోడ్డే పైకొచ్చింది. ఈ మూడేళ్ళలో రెండుసార్లు పొర మీద పొర తారు పోశారు, బోర్డు మీద అంకె మార్చడం ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. వంతెనలు గుర్తు పెట్టుకున్నాను గానీ కింద రోడ్డు కూడా మారుతుందని ఈ ముదనష్టపు బుర్రకు తట్టలేదు.

"అత్తయ్య లెక్క తప్పిన రోజు. తారీఖు రాసి పెట్టుకోవాలి" అంది కోడలు. నా మొహం చూసి వెంటనే, "ఊరికే అన్నాన్లే అత్తయ్యా, రాయి చూసి ఆపింది కూడా నువ్వేగా" అంది. ఆ రెండో మాట మొదటిదానికంటే ఎక్కువ పొడిచింది.

వెనక హారన్లు మొదలయ్యాయి. వంతెన పక్కనే పంక్చర్ల కొట్టు. ఆ కొట్టు పెద్దాయన పళ్ళు కుట్టుకుంటూ వచ్చి మా బండిని పెళ్ళికూతుర్ని చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు.

"టైర్లలో గాలి తీసెయ్యండి. రెండు వేళ్ళు ఇట్టే దిగుతుంది."

"దిగుతుంది బాబాయ్" అన్నాడు మా అబ్బాయి. "ఇంత బరువు మీద ఉండగా గాలి తీస్తే టైర్లు పక్కలు చీలిపోతాయి. అవతలికెళ్ళి నీ కొట్లోనే పదహారు టైర్లు కొనుక్కోవాలి."

"మరి నేనెందుకు చెప్పాననుకున్నావ్?" అన్నాడు పెద్దాయన.

అప్పుడే ఫోను మోగింది. ఇంజనీరే. అబ్బాయి నా వైపు చూశాడు. ఇచ్చిన మాట నాది, చెప్పుకోవాల్సింది కూడా నేనే. ఎత్తాను.

"ఎక్కడిదాకా వచ్చారమ్మా?"

"రైలు వంతెన దగ్గర ఆగిపోయాం బాబూ. ఎత్తు నేను తప్పు చెప్పాను. నాలుగింటికి రాలేం."

అవతల ఎవరో ఆయన్ని ఏదో అడుగుతుంటే ఆగమన్నాడు. తర్వాత, "ఆస్పత్రి వాళ్ళు గంటగంటకీ అడుగుతున్నారమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

"చీకటి పడకముందు వస్తాం" అని పెట్టేశాను.

"ఎలా వస్తామమ్మా?" అన్నాడు అబ్బాయి.

"దింపండి దాన్ని."

ఇద్దరూ నన్నే చూశారు.

"ట్రెయిలర్ మీద ఉంటేనే కదా తగిలేది? ఇక్కడ బల్ల వాల్చి దింపుదాం. ఖాళీ ట్రెయిలర్ అవతలికి పోతుంది. పొక్లెయిన్ తన కాళ్ళ మీద తను నడిచి వంతెన దాటుతుంది. అవతల మళ్ళీ బల్ల వాల్చి ఎక్కిద్దాం. మనకు పలకలు బిగించే పనీ లేదు, క్రేనూ అక్కర్లేదు. ఇందుకు కాకపోతే ఈ బల్ల ఇంకెందుకు?"

కోడలు అప్పుడే పొక్లెయిన్ వైపు నడిచింది. అబ్బాయి అయిదు నిమిషాలు ఆలోచిస్తాడేమో అనుకున్నాను. వాడు కూడా గొలుసులు విప్పడం మొదలుపెట్టాడు.

బండిని వెనక్కి తీసి, పిన్ను లాగి, బల్ల తోక కింద చెక్కలు పెట్టి వాల్చబోతుంటే ఎవరో గొడుగు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చారు. రోడ్డు మేస్త్రి. రెండు ఫర్లాంగుల అవతల రోలరుతో పని చేయిస్తున్నాడట. కడుపు ముందు, మనిషి వెనక వచ్చాడు.

"ఏంటిది? ఏం చేస్తున్నారు? ఈ తారు పోసి మూడు రోజులు కాలేదు. దీని మీద ఆ ఇనప చైన్లు నడిపిస్తారా? దున్నేసినట్టవుతుంది!"

"దున్నం" అన్నాను. "టైర్లు పరిచి వాటి మీద నడిపిస్తాం. నీ రోడ్డుకు ఇనుము తగలదు."

"ఎన్ని టైర్లున్నాయి మీ దగ్గర?"

"నాలుగు."

"నాలుగా!" మేస్త్రి గొడుగు నేలకేసి కొట్టాడు. "నాలుగు టైర్లతో ఏనుగుని నడిపిస్తుందట ఈవిడ!"

నేను పంక్చర్ల పెద్దాయన వైపు తిరిగాను. ఆయన కొట్టు వెనక పాత టైర్ల గుట్ట నేను వచ్చినప్పుడే చూశాను.

"నా వంక చూడకండి" అన్నాడాయన. "అవి నా చేత్తో ఒక్కొక్కటీ పేర్చుకున్నాను."

"రెండు రోజుల్నుంచీ ఆ ఊళ్ళో నీళ్ళు లేవన్నా. ఆస్పత్రికి సాయంత్రం దాకానే."

పెద్దాయన చెవి గోక్కున్నాడు. "మా చెల్లెలు ఆ ఊళ్ళోనే ఉంది. పొద్దున ఫోన్ చేసి ఏడ్చింది. నీళ్ళు లేవని కాదులెండి, వాళ్ళాయన స్నానం చెయ్యలేదని." గుట్ట దగ్గరికి వెళ్ళి మొదటి టైరు కాలితో తన్ని మా వైపు దొర్లించాడు. మొత్తం పద్నాలుగు దొర్లించాడు. మావి నాలుగు కలిపి పద్దెనిమిది.

మేస్త్రి ఇంకా అడ్డంగానే నిలబడి ఉన్నాడు.

"చూడు నాయనా. ముందు చూడు, తర్వాత తిట్టు. వెనకాలే నడుస్తూ ఒక్కొక్క టైరూ తీసిన చోట వంగి చూసుకో. గీత పడితే బండి నంబరు రాసుకుని ఎవరికైనా చెప్పుకో. నేను కాదనను. నీ మనుషుల్ని రెండు పక్కలా నిలబెట్టి బళ్ళు మాత్రం ఆపించు."

ఆయన మా నంబరు ముందే రాసుకున్నాడు. తర్వాతే మనుషుల్ని కేకేశాడు.

కోడలు పొక్లెయిన్ ఎక్కింది. గర్రుమంటూ ముందుకు కాదు, వెనక్కి కదిలింది. బల్ల మెల్లగా వాలింది. చెక్కల మీదుగా దిగి మొదటి టైర్ల మీద ఆగింది. ఖాళీ ట్రెయిలర్ని అబ్బాయి వంతెన కిందుగా అవతలికి తోలుకెళ్ళి నిలిపి, నడిచి వెనక్కి వచ్చాడు.

టైర్ల మీద నడిపించడానికి ఒక పద్ధతుంది. మా ఆయన పెట్టిన పద్ధతే. చైనుకు తొమ్మిదేసి చొప్పున రెండు వరసలు పరుస్తాం. యంత్రం నాలుగయిదు టైర్ల మీద నిలబడి ఉంటుంది, మిగతావి ముందుంటాయి. కాస్త కదిలి ఆగుతుంది. నడిపే మనిషి రెండు చేతులూ లివర్ల మీంచి తీసి పైకెత్తి చూపించాలి. ఆ చేతులు గాల్లో కనపడితేనే ఎవరైనా దగ్గరికి పోవాలి. వెనక ఖాళీ అయిన టైర్లు దొర్లించుకొచ్చి ముందు పరిచి, అందరూ పక్కకు తప్పుకున్నాక నేను "ఊఁ" అంటే అప్పుడు చేతులు కిందికి దిగాలి.

రెండు వందల అడుగులు. ఒంటిగంట ఎండ. కొత్త తారు చెప్పుల కింద మెత్తగా ఉంది. చేతులు పైకి. టైర్లు దొర్లించు. పరుచు. తప్పుకో. ఊఁ. మళ్ళీ చేతులు పైకి. ఎడమ వరస అబ్బాయిది, కుడి వరస నాదీ పంక్చర్ల పెద్దాయనదీ. నన్ను పక్కన కూర్చోమని అబ్బాయి రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పలేదు. టైరును ఎత్తక్కర్లేదు, నిలబెట్టి తోస్తే తనే దొర్లుతుంది. చివర ఆపడమే కష్టం. ఒకటి నా చేతిలోంచి జారి పల్లంలోకి పరిగెత్తి మేస్త్రి గొడుగును పడగొట్టింది.

"కావాలనే వదిలారు!" అన్నాడు మేస్త్రి.

"కావాలని వదిలితే గొడుక్కి తగిలేది కాదు" అన్నాడు పంక్చర్ల పెద్దాయన.

సగం దూరం వచ్చాం. వంతెన నీడలోకి చేరాం. తల పైన ఏదో రైలు వెళ్ళి దుమ్ము రాలింది. మేస్త్రి ప్రతి టైరు తీసిన చోటా మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో రోడ్డును తడిమి చూస్తున్నాడు. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు చూస్తున్నాడు. అది చూసేసరికి ఆ మనిషి మీద కోపం పోయింది నాకు. ఎండలో నిలబడి పోసిన రోడ్డు మరి.

అక్కడే జరిగింది. నేను "ఊఁ" అన్నాను. చేతులు దిగాయి, యంత్రం కదిలింది. కుడి వరసలో ముందు టైరు ఒకటి చైను కింద నలిగి పక్కకు జారడం మొదలుపెట్టింది. చైను అంచు తారు మీదికి దిగబోతోంది. మేస్త్రి అది చూశాడు. "అయ్యో, నా రోడ్డు!" అంటూ వంగి, కాలు ముందుకు పెట్టి టైరును లోపలికి తొయ్యబోయాడు. కదులుతున్న చైను ముందుకు.

నేనేం అరిచానో నాకే తెలియదు. ఆయన చొక్కా కాలరు నా చేతికి దొరికింది, రెండు చేతులా పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం కలిసి దబ్బున కూర్చున్నాం. పొక్లెయిన్ ఆగిపోయింది. పైన అద్దంలోంచి కోడలి రెండు చేతులూ గాల్లో కనపడ్డాయి.

"బుద్ధుందా నీకు?" ఊపిరి అందక అరిచాను. "రోడ్డు మీద మళ్ళీ తారు పోస్తారు. నీ కాలి మీద ఎవరు ఏం పోస్తారు? చేతులెత్తితేనే దగ్గరికి రావాలని ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నావుగా!"

మేస్త్రి తన కాలి వంక చూసుకున్నాడు. వేళ్ళు కదిపి చూసుకున్నాడు.

కోడలు తల బయటికి పెట్టింది. "అందరూ బాగున్నారా?"

"బాగానే ఉన్నాం. నువ్వు నీళ్ళు తాగు" అన్నాను. తాగింది. మేమందరం తాగాం. ఒకే సీసా. మేస్త్రికి కూడా ఇచ్చాను.

కాస్త వెనక్కి తీయించి, జారిన టైరు తీసి చూస్తే తారు మీద గుర్తు పడింది. అరచెయ్యంత. మేస్త్రి ఇంకా అటు రాలేదు, చొక్కా దుమ్ము దులుపుకుంటున్నాడు. ఆ చోట ఇంకో టైరు వేసేస్తే ఎవరికీ తెలియదు. పంక్చర్ల పెద్దాయన నా మొహం వైపు చూశాడు, నేను ఆయన మొహం వైపు చూశాను. పొద్దున్న నుంచీ ఒక తప్పు మోస్తున్నాను, రెండోది మోసే ఓపిక లేదు.

"ఇటు రా నాయనా. ఇదిగో, ఇక్కడ పడింది."

మేస్త్రి వచ్చి చూశాడు. తడిమాడు. లేచి నిలబడి జేబులోంచి మా నంబరు రాసిన కాగితం తీశాడు. చింపుతాడేమో అనుకున్నాను. చింపలేదు. మడిచి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి తన మనుషుల్ని, "అరేయ్, వేడి తారు ఒక బొచ్చె తీసుకురండి, అణచడానికి దిమ్మిస కూడా" అని కేకేశాడు. తర్వాత గొడుగు మూసి పక్కన పడేసి, జారిన టైరు ఎత్తుకుని మా వరసలోకి వచ్చాడు.

"ఈసారి చేతులు చూసే వస్తాలే" అన్నాడు.

రెండున్నరకు వంతెన దాటేశాం. కానీ అవతల రోడ్డు పైకెక్కుతుంది. అక్కడే ట్రెయిలర్ నిలబెట్టి ఎక్కిస్తే లారీ ముక్కు పైకి, తోక కిందికి ఉంటాయి. అసలే వాలిన బల్ల ఇంకా నిట్టనిలువవుతుంది.

"ఎక్కించేస్తాను" అంది కోడలు. "క్వారీలో ఇంతకంటే నిలువుగా ఉన్నవి ఎక్కించాను. టైమెక్కడుంది?"

"పైన చదునుగా ఉన్న చోట ఎక్కిద్దాం" అన్నాడు అబ్బాయి. "ఇంకో ఎనభై అడుగులు."

"ఎనభై అడుగులంటే ఇంకో గంట!"

"జారిందంటే ఇవాళ కాదు, వారం దాకా చేరం."

ఇద్దరూ నా వైపు తిరిగారు. అలవాటది. దారి విషయంలో వాళ్ళకు తగవొస్తే తీర్పు నాదే. మూడేళ్ళ కిందట ఇక్కడ ఎలా ఉందో కళ్ళ ముందే ఉంది, చెప్పడానికి నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"నాకు గుర్తున్నదాని మీద చెప్పను. పదండి, చూద్దాం."

ముగ్గురం నడిచి వెళ్ళి చూశాం. అబ్బాయి సీసాలో సగం నీళ్ళుంచి రోడ్డు మీద పడుకోబెట్టాడు. కింద పెడితే నీళ్ళు ఒక పక్కకే పరిగెత్తాయి. ఎనభై అడుగులు పైకెక్కి పెడితే నీళ్ళు సీసాలో సమంగా పరుచుకున్నాయి.

"ఇక్కడ" అన్నాను. "ఇంకో ఎనభై అడుగులు మోద్దాం."

కోడలు నా చేతులు చూసింది. బొబ్బలెక్కి ఉన్నాయి. "నువ్వు మొయ్యవు. నువ్వు ఊఁ అనే పని చూసుకో" అంది. సరేనన్నాను. రెండు 'ఊఁ'ల మధ్య మాత్రం మోశాను.

మేస్త్రి మనుషులు నలుగురు కూడా దిగారు. గంట పడుతుందన్నది అరగంటలో అయింది. చదునులో ట్రెయిలర్ నిలబెట్టి, చక్రాలకు అడ్డాలు పెట్టి, పిన్ను తీసి బల్ల వాల్చాం. బల్ల మీద తారు అంటిన మట్టి పేరుకుని ఉంటే చీపురు పట్టుకుని ఊడ్చాను. ఇనుము ఇనుము మీద జారకుండా అరిగిన టైరు ముక్కలు అడ్డంగా వేశాం. కోడలు ఎక్కించడం మొదలుపెట్టింది. ముక్కు లేచింది. ఇంక ఆమెకు రోడ్డు కనపడదు, మేమెవరం కనపడం. పాకుతూ, పాకుతూ సగానికి వచ్చింది. ఆగింది.

పంక్చర్ల పెద్దాయన నోట్లో పుల్ల కూడా ఆగిపోయింది.

బల్ల కాసేపు ఎటూ తేల్చుకోలేదు. తర్వాత తోక నేల మీంచి లేచింది. ఒక వేలు, బెత్తెడు, జానెడు. బల్ల మెల్లగా ముందుకు తిరిగి, నిద్రపోతున్న బిడ్డను పక్క మీద పడుకోబెట్టినంత మెత్తగా కూర్చుంది. కోడలు రెండు చేతులూ పైకెత్తింది.

గొలుసులు అబ్బాయి బిగించాడు. బిగించిన వాటిని నేను ఒక్కొక్కటీ లాగి చూశాను. మేస్త్రి చెయ్యి ఊపుతూ, "తిరిగొచ్చేటప్పుడు ఇటు రాకండమ్మా" అన్నాడు. పంక్చర్ల పెద్దాయన మా కిటికీ దాకా వచ్చి, "మా చెల్లెలికి ఫోన్ చేశాను. వాళ్ళాయన్ని స్నానానికి సిద్ధంగా ఉండమన్నాను" అన్నాడు.

ఆ ఊరు చేరేసరికి అయిదూ ఇరవై. సూర్యుడు ఇళ్ళ కప్పుల మీద ఉన్నాడు. పైపు దగ్గర బిందెలూ బకెట్లూ వరస కట్టి ఉన్నాయి, మనుషుల కంటే అవే ఎక్కువ. ఇంజనీరు ఎదురొచ్చాడు. చిన్న వయసు, గడ్డం మాసి ఉంది. ఏదో అనబోయాడు, నా చేతులు చూసి మానేశాడు.

"ఎక్కడ తవ్వాలో చూపించు బాబూ. మిగతావి తర్వాత" అన్నాను.

బల్ల వాలింది. పొక్లెయిన్ దిగిన పది నిమిషాలకే బకెట్ మట్టిలో దిగింది. గంటలోపు పగిలిన చోటు బయటపడింది. మనుషులు గుంటలోకి దిగి పట్టీ బిగించారు. వీధి దీపాలు వెలిగే వేళకు ఎవరో వాల్వు తిప్పారు. పక్క వీధిలో కుళాయి ముందు దగ్గింది, తుమ్మింది, ఎర్రమట్టి కక్కింది, తర్వాత నీళ్ళిచ్చింది. ఇంజనీరు ఫోన్లో, "ఆస్పత్రి ట్యాంకు ముందు నింపండి, మిగతావాళ్ళు తర్వాత" అని అరుస్తున్నాడు. ఆ బొంగురు గొంతుతోనే అరుస్తున్నాడు.

ఆ రాత్రి వాళ్ళ గెస్టుహౌసులో పడుకున్నాం. పొద్దున లారీ దగ్గరికి వెళ్ళేసరికి నా సీటు తలుపు అబ్బాయి తీసి పట్టుకుని ఉన్నాడు. నేను ఎక్కలేదు.

"వెనక కూర్చుంటానురా. ముందు కోడల్ని కూర్చోబెట్టు. ఫోన్లో దారి చూపిస్తుందిగా."

"ఫోను వంతెన చూపిస్తుంది అత్తయ్యా, మునిగిపోయిన రాయిని చూపించదు" అంది కోడలు. "ఎక్కు. నాకు నిద్రొస్తోంది, వెనక కాళ్ళు చాపుకుని పడుకుంటాను."

ఎక్కాను. తొందర లేదు కాబట్టి చుట్టు దారిన బయల్దేరాం. నేను ఆ దారి చూసి పన్నెండేళ్ళయింది. గంటన్నర పోయాక ఎదురుగా వంతెన వచ్చింది. ఎర్ర ఇటుకల వంతెన, కమాను మధ్యలో ఎత్తు, పక్కల తక్కువ. మధ్యలోంచి పోతే జానెడు ఖాళీ ఉంటుందని నా బుర్ర చెబుతూనే ఉంది. మా ఆయన అప్పుడు ఈల వేసుకుంటూ దాటాడని కూడా చెప్పింది.

"ఆపరా" అన్నాను.

దిగాను. కొలకర్ర తీసుకుని వంతెన కిందికి నడిచాను. అబ్బాయి కిటికీలోంచి తల పెట్టి చూస్తున్నాడు. కర్ర పైకెత్తి, మధ్యలో ఒకసారి, ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి పెట్టి చూశాను.

"పడతామా అమ్మా?"

"ఉండు. ఇంకోసారి చూడనీ."